సద్దిమూట - పూటకూళ్ళ యిల్లు

మనిషి ఇల్లు విడిచి బయట భోజనం చేయడానికి కారణాలేమిటి? ఆకలి, చేతిలోని పైకము, ఇంటికి గల దూరము - యీ మూడే అని సామాన్యంగా తలుస్తాము. కాని నాలుగవది ఒకటి వున్నది.

ఓరుగంటి వీధులను వర్ణించిన 'క్రీడాభిరామము'లో ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ యింటి ప్రస్తావన వున్నది. ఇంటికి దూరమైనవానికి అదే దిక్కు. మా ఆర్మూరు ప్రాంతపు రైతు సంగతీ అంతే. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, నిజామాబాదు మార్కెట్టుకు చేర్చినవాడు ధర తేలేవరకు అక్కడే కాచుకొని వుండాలి. ఆ పూట బయటి తిండి తప్పదు.

1978లో, నా పదవయేట, నాన్నగారితో పసుపుబండి మీద నిజామాబాదు వెళ్ళాను. ఆయన నన్ను ఒక హోటలులోనికి తీసికొనిపోతూ వుంటే, బండి తోలిన జీతగాడు కదలలేదు. "నువ్వు రావా?" అన్నాను. "నాకు ఇంటి సద్దే రుచి, చిన్న పటేలా!" అని నవ్వి, బండి నీడన జొన్నరొట్టె మూట విప్పినాడు. లోపల మాకు పింగాణీ కప్పులు వచ్చినవి. గుమ్మం పక్క గూటిలో వేరుగా రెండు గ్లాసులు వున్నవి. అవి ఎవరికోసమో ఆనాడు నాకు తెలియలేదు. తెలిసిననాడు మొదట గుర్తుకు వచ్చినది ఆ నవ్వే.

హోటళ్ళలో ప్రవేశానికి కులము అడ్డు కారాదని 1950లోనే మన రాజ్యాంగపు 15వ అధికరణము శాసించింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టము వచ్చింది. అయినా గూటిలోని గ్లాసులు చాలాకాలం కదలలేదు.

అమెరికాలోని నల్లజాతివారి కథకూ దీనికీ పోలిక వున్నది. ఏ వూళ్ళో ఏ హోటలు తమకు అన్నం పెడుతుందో తెలిపే 'గ్రీన్ బుక్' అనే మార్గదర్శిని, విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో ప్రారంభించినాడు. దూరప్రయాణం చేసే కుటుంబాలు పాదరక్షల అట్టపెట్టెలో వేయించిన కోడిమాంసం సర్దుకొని వెళ్ళేవి. అదీ సద్దిమూటే! 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే వడ్డించే బల్ల ముందు కూర్చుని, దుకాణం మూసేవరకు లేవలేదు. 1964లో పౌరహక్కుల చట్టము ఆ తలుపులు తెరిచింది.

నేడు ఆర్మూరు చెంతనే వున్న అంకాపురమునకు నాటుకోడి కూరకోసం జనం దూరాలనుండి వస్తున్నారు. సంతోషమే. కాని, విద్యార్థులారా, ఎవరు ఎన్నిసార్లు బయట తింటున్నారని లెక్క వ్రాసేవారు పైకమును వ్రాయగలరు, దూరమును వ్రాయగలరు. "ఇంటి సద్దే రుచి" అన్నవాని నవ్వును ఏ పద్దులో వ్రాస్తారు?