అంతర్జాల సహకార రచన – పాఠాంతర మర్యాద

సహాయము వేఱు, సహకారము వేఱు. ఒకరి పనిలో మఱియొకరు కొంత భారము వహించుట సహాయము. ఒకే ప్రశ్నను ఇద్దరును తమదిగా భావించి, ఒకరి యాలోచనను మఱియొకరి యాలోచనతో ఒరసి చూచి, ఇద్దరికిని సమ్మతమైన యవగాహనకు వచ్చుట సహకారము. విద్యాశాస్త్రజ్ఞులును ఈ భేదమును పాటించిరి. 1995లో రాషెల్, టీస్లీ అను నిద్దరు పరిశోధకులు, పనిని పంచుకొని యెవరి భాగమును వారు పూర్తిచేయుటను ఒక తెగగను, సమస్యను గూర్చిన యవగాహననే కలసి నిర్మించుకొనుటను వేఱొక తెగగను విడదీసి చూపిరి. మన తరగతులలో బృందకార్యమను పేర జరుగునది తఱచు మొదటి తెగకు చెందినదే. నలుగురు విద్యార్థులు నాలుగు భాగములు వ్రాసి తెత్తురు. వానిని కుట్టి యొక వ్యాసమందుము. ఆ నాలుగు భాగములను నలుగురును చదివి యుండరు.

ఇటీవల ఆరు వారములపాటు జరిగిన యొక అంతర్జాతీయ ఉపాధ్యాయ శిక్షణ శిబిరమున నేనును పాల్గొంటిని. వేర్వేరు దేశముల బోధకులు అంతర్జాలము ద్వారా కలసి పాఠములు రచించుట, తమ విద్యార్థులచే నట్లే రచింపజేయుట దాని విషయము. శిబిరమునకు పోవుట యనగా మండపేటలోని మా యింటి ముందుగదిలో, రాత్రి ఎనిమిదిన్నరకు, కంప్యూటరు ముందు కూర్చుండుటయే. ఆ శిబిర వృత్తాంతమును సమగ్రముగా చెప్పుట యీ వ్యాసోద్దేశము కాదు. అచట నేను చేసిన యొక పొరపాటు నుండి, తెలుగు బోధకులకును పరిశోధక విద్యార్థులకును ఉపయోగింపదగిన సూత్రమొకటి తేలినది. దానిని వివరించుటయే నా ప్రయత్నము.

కలసి వ్రాయుట మనకు క్రొత్త విద్య కాదు. 1911లో మద్రాసున స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు, పిఠాపుర సంస్థానాధీశుని పోషణమున, జయంతి రామయ్య పంతులుగారి ఆధ్వర్యవమున చేపట్టిన ‘శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు’ తొలి సంపుటము 1936లో వెలువడినది. పలువురు పండితులు గ్రంథములు చదివి పదములను, ప్రయోగములను సేకరింపకున్నచో అట్టి నిఘంటువు సాధ్యము కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, వ్యవసాయ పదములతో ‘మాండలిక వృత్తిపదకోశము’ మొదటి సంపుటమును 1962లో ప్రకటించినది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. ఆ పని చేయువారి నోట విన్న మాటలను చేర్చి, ఏ ప్రాంతమున ఏ మాట వాడుకలో నున్నదో చూపుట యీ కోశముల విశేషము. గ్రాంథిక నిఘంటువు పదమునకు సాక్ష్యముగా కవిప్రయోగమును చూపును; మాండలిక కోశము ప్రాంతమును చూపును. రెంటను సాక్ష్యము లేని మాటకు చోటు లేదు.

నాడు చీటీలు, తపాలా, ప్రయాణములు ఇట్టి పనులకు సాధనములు. నేడు అంతర్జాలము సాధనము. సాధనము మాఱుటచే కలిగిన మార్పులలో మూడింటిని గమనింపవలెను.

మొదటిది లిపిసంకేతము. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణమునందే తెలుగునకు స్థానము లభించినను, మన ముద్రణాలయములలో వేర్వేరు సంకేతములు గల ఖతుల వాడుక చిరకాలము సాగినది; నేటికిని పూర్తిగా పోలేదు. అట్టి ఖతిలో కూర్చిన వ్యాసమును ఆ ఖతి లేని కంప్యూటరున తెఱచినచో అర్థము లేని గుర్తుల వరుస కనబడును. ఇద్దరు కలసి వ్రాయుటకు ముందు ఇద్దరును ఒకే అక్షరమును చూచుచుండవలెను గదా! ఇది యంత్రజ్ఞుల విషయమని మనము ఉపేక్షింపరాదు.

రెండవది ఉమ్మడి పుట. చదువరి తాను చదువుచున్న చోటనే దిద్దుటకు వీలైన ‘వికీ’ యను నేర్పాటును 1995లో అమెరికా దేశీయుడైన వార్డ్ కనింగ్‌హామ్ ప్రవేశపెట్టెను. ఆ పద్ధతిపై 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనవి. మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, దిద్దుబాటుల దాఖలా. తెలుగు వికీపీడియాలో వ్యాసమునకు ‘చర్చ’ యనియు, ‘చరిత్ర’ యనియు రెండు అనుబంధములు కలవు. ఎవరు, ఏ దినమున, ఏ గంటకు, ఏ మాట చేర్చిరో, ఏ మాట తీసివేసిరో చరిత్రలో నమోదై యుండును. ఏల మార్చిరో చర్చలో అడుగవచ్చును. తీసివేసిన పాఠము పైకి కనబడకున్నను నశింపదు.

పరిష్కరణ శాస్త్రము చదివిన వారికి ఇది చిరపరిచితముగా తోచును. పరిష్కర్త తాను గ్రహించిన పాఠమును పైన నిలిపి, విడిచిన పాఠములను ప్రతుల సంకేతములతో అడుగున చూపును. తన నిర్ణయము తప్పైనచో రాబోవు పండితుడు దిద్దుటకు వలయు సామగ్రిని తానే యిచ్చి పోవును. పాఠాంతరములను చూపని పరిష్కరణమును మనము విశ్వసింపము.

ఇంత తెలిసిన నేను శిబిరమున చేసిన దేమి? మా బృందమున నలుగురము. విత్తు మొదలు అన్నము వఱకు వరి నడచు త్రోవను పిల్లలకు తెలుపు నొక పాఠమును ఉమ్మడి పుటపై వ్రాయుట మాకిచ్చిన పని. బియ్యపు మిల్లుల నడుమ నివసించువాడను, ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో పండు పొలములను చిన్ననాటి నుండి చూచినవాడను. ఈ విషయమున నన్ను మించినవారు లేరని నా మనసున నుండెను. ఫిలిప్పీన్సు దేశపు ఉపాధ్యాయిని యొకామె, విత్తనములను నేరుగా మడిలో చల్లుదురని వ్రాసెను. నారు పోయుట, నారు తీయుట, ఊడ్చుట లేక వరి యెట్లు పండును? ఆమె మఱచినదని తలచి, ఆ రాత్రియే ఆ పేరాను తీసివేసి, నారుమడితో నారంభించు వేఱొక పేరాను వ్రాసితిని. ఆమెను అడుగలేదు. చర్చలో ఒక్క మాట వ్రాయలేదు. మఱునాడు చూచుకొని, పుట చక్కబడినదని సంతోషించితిని కూడ.

ఆ తరువాత వారము దినములు ఆమె ఆ పుటపై ఏమియు వ్రాయలేదు. మా బృందమునకు మార్గదర్శకుడుగా నున్నవాడు, “ఈ పేరా ఏల పోయినది?” అని మాత్రము చర్చలో అడిగెను. ఆమె సమాధానము మూడు వాక్యములు. తమ ప్రాంతమున నారు నాటుటయు కలదు, మొలకెత్తిన విత్తనమును నేరుగా చల్లుటయు కలదు. తన విద్యార్థుల యిండ్లలో చేయునది రెండవ పద్ధతి. తాను వ్రాసినది వారి కొఱకు. అంతే. నేను మా యూరి రైతు నొకరిని అడిగితిని. ఆయన నవ్వి, “ఇక్కడ మాత్రం లేదేంటి మాస్టారూ? కూలీలు దొరకనప్పుడు దాళ్వాలో వెద జల్లుతున్నాం కదా!” అనెను. మా పొలిమేరలోనే యున్న పద్ధతిని లేదని కొట్టివేసితిని!

క్షమింపుమని వ్రాసితిని. చరిత్ర నుండి ఆమె పేరాను వెలికి తీసి మరల నిలిపితిని. తుదకు మా పాఠమున రెండు పద్ధతులును ప్రక్కప్రక్కన చేరినవి. ఏది యెచట, ఏ కారణమున అనుసరింతురో తెలుపు వాక్యము ఆమెయు నేనును కలసి వ్రాసితిమి. ఆరు వారములలో నేను నిజముగా సహకరించి వ్రాసిన వాక్యము అదియొక్కటే యని చెప్పవలసి యున్నది.

ఈ పొరపాటునకు మూలము అజ్ఞానము మాత్రమే కాదు, వృత్తిగత మైన యభ్యాసము. ఏండ్ల తరబడి ఎఱ్ఱసిరా కలముతో జవాబుపత్రములు దిద్దినవానికి, ఎదుటివారి వాక్యము కనబడగానే దిద్దబుద్ధి పుట్టును. పాతప్రతులను పరిష్కరించుటలో గూడ దిద్దుదుము గాని, అచట సంయమము కలదు. ప్రతి నుండి ప్రతికి పోయి చూతుము, సందేహించిన చోట సందేహమును తెలుపుదుము. తాళపత్రమును వ్రాసిన లేఖకుడు బదులు చెప్పలేడు. అయినను అతని పాఠమును అడుగున నిలిపి గౌరవింతుము. ఉమ్మడి పుటపై వ్రాసిన సహరచయిత బదులు చెప్పగలడు. అట్టివానిని అడుగకయే కొట్టివేయుట, మృతునకు చూపిన మర్యాదను జీవించి యున్నవానికి చూపకపోవుట యగును. కావున అంతర్జాల సహకారమునకు తొలి సూత్రము: దిద్దుటకు ముందు అడుగవలెను, భిన్నాభిప్రాయమును దోషముగా గాక పాఠాంతరముగా గ్రహించి, సాక్ష్యముతో నమోదు చేయవలెను.

శిబిరానంతరము ఈ సూత్రమును తరగతిలో పరీక్షించితిని. మా విద్యార్థులు పన్నెండుగురును, తెలంగాణమున బోధించు నా మిత్రుని విద్యార్థులు కొందఱును కలసి సేద్యపు మాటల పట్టికను ఉమ్మడి పుటపై కూర్చిరి. మావారు ‘ఊడ్పులు’ అని వ్రాసిన చోట వారు ‘నాట్లు’ అనిరి. రెండవ పంటకు మావారు ‘దాళ్వా’ యని వ్రాయగా వారు ‘యాసంగి’ యని చేర్చిరి. మఱునాటికి ‘యాసంగి’ మాయమైనది. తీసివేసినది మా విద్యార్థియే. “ఆ మాట ఇక్కడ ఎవరూ అనరండీ” యని అతని సమాధానము. నాకు కోపము రాలేదు, సిగ్గు కలిగినది. నా తప్పునే నా శిష్యుడు చేసెను. నా శిబిరపు పుట చరిత్రను తెఱచి, నేను కొట్టివేసిన పేరాను తరగతి కంతకు చూపితిని. ఆ పిమ్మట పట్టికలో క్రొత్త వరుస యొకటి ఏర్పడినది: ఏ మాట, ఏ యూర, ఏ పని చేయువారి నోట విన్నది. వృత్తిపదకోశము పాటించిన క్రమము ఇట్టిదే యని విద్యార్థులకు తరువాత చెప్పితిని. ముందు చెప్పి యున్నచో పరీక్ష కొఱకు వ్రాసికొని మఱచి యుందురు.

ఇట్టి పనికి పూనుకొను బోధకులు మఱి మూడు విషయములు గమనింపవలెను. ఒకటి, పనిని కల్పించు విధము. ఒక్కడే చేయగల పనిని నలుగురకు ఇచ్చినచో ఒక్కడే చేయును. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరమున, వేర్వేరు జాతుల పిల్లలు క్రొత్తగా ఒకే తరగతిలో కూర్చుండి కలహించుచున్న వేళ, ఎలియట్ ఆరన్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పాఠమును ముక్కలుగా చేసి ఒక్కొక్కరి కొక్క ముక్క నిచ్చెను. తోటివాని మాట వినక పాఠము పూర్తి కాదు. మా పట్టికలో ఊడ్పులును నాట్లును చేసిన మేలు అదియే. ఒక జిల్లావారు ఒంటరిగా దానిని పూరింపలేరు.

రెండు, మార్కులు. మనుజులు కలసి త్రాడు లాగునపుడు, సంఖ్య పెరిగిన కొలది ఒక్కొక్కని బలము తగ్గునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రింగెల్మాన్ 1913లో ప్రకటించెను. రథము లాగునపుడు త్రాటిపై చేయి వేసి నడచువారిని మనమును ఎఱుగుదుము. దిద్దుబాటుల చరిత్ర ఎవరు లాగిరో కొంత తెలుపును. అయితే అది ఎన్ని మార్లు దిద్దెనో చెప్పును గాని, ఎంత యోచించెనో చెప్పదు. నూఱు అచ్చుతప్పులు దిద్దినవానికంటె చర్చలో ఒక్క మంచి ప్రశ్న వేసినవాడు ఎక్కువ చేసి యుండవచ్చును. కావున బోధకుడు చర్చను చదువక లెక్కను మాత్రము చూచి మార్కు లీయరాదు.

మూడు, భాష. శిబిరమున వ్యవహారమంతయు ఇంగ్లీషున జరిగినది. ఇంగ్లీషు ధారాళముగా వచ్చినవారి యభిప్రాయము సరియైనదిగా తోచుట, రానివారి మౌనము అంగీకారముగా తోచుట అచట చూచితిని. నా ఇంగ్లీషు ఆ ఉపాధ్యాయిని ఇంగ్లీషుకంటె కొంత మెఱుగుగా నుండుటయు నా సాహసమునకు కారణమై యుండును. తెలుగు తరగతిలో ఈ ప్రమాదము వేఱు రూపమున ఉండును: పుస్తక భాష వచ్చినవాడు పొలము భాష వచ్చినవానిని దిద్దును. పదమునకు సాక్ష్యము కోరు వరుస ఆ ఇద్దరిని సమానులను చేయును. రైతుబిడ్డ తన తండ్రిని సాక్షిగా చూపగలడు.

మా పట్టిక యింకను అసంపూర్ణమే. సార్వా, దాళ్వాలకు కృష్ణాతీరమున, రాయలసీమలో, ఉత్తరాంధ్రమున వాడుకలో నున్న మాటలను చేర్చవలసి యున్నది. ఆయా ప్రాంతముల బోధకులును పరిశోధక విద్యార్థులును ఈ పనిలో పాలుగొందురని ఆశించుచున్నాను. మా విద్యార్థులు వ్రాసినది తప్పని వారికి తోచిన చోట కొట్టివేయక, తమ యూరి మాటను దాని ప్రక్కన చేర్చి, ఎవరి నోట వినిరో వ్రాయుదురు గాక.