పారేసుకున్న మూడు వంతుల వెలుగు

కొత్త సెల్‌ఫోన్లలో చాలావాటికి ఓఎల్‌ఈడీ తెర ఉంటుంది. అలాంటి ఫోను దొరికితే ఒక చిన్న పరీక్ష చేయండి. గదిలో దీపాలన్నీ ఆర్పి, తెర నిండా నల్లటి బొమ్మ ఒకటి పెట్టండి. తెర ఎక్కడ ఉందో కూడా తెలియదు. ఎల్‌సీడీ తెర మీద అదే బొమ్మ పెడితే నలుపు కాస్తా బూడిదరంగుగా కనిపిస్తుంది. ఎల్‌సీడీకి వెలుగు వెనక ఉన్న దీపం నుంచి వస్తుంది. దాన్ని పూర్తిగా అడ్డుకోవటం కష్టం. ఓఎల్‌ఈడీకి వెనక దీపమే లేదు. ప్రతి చుక్కా తానే ఒక దీపం.

ఈ చుక్కలు ఎలా వెలుగుతాయి? రెండు ఎలక్ట్రోడుల నడుమ కర్బన సమ్మేళనాల పలుచని పొరలుంటాయి. అన్నీ కలిపినా వాటి మందం తలవెంట్రుక మందంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతే. ఒక పక్క నుంచి ఎలక్ట్రాన్లు, రెండో పక్క నుంచి 'రంధ్రాలు' ఈ పొరల్లోకి వస్తాయి. రంధ్రం అంటే ఎలక్ట్రాన్ ఉండవలసిన చోట ఏర్పడ్డ ఖాళీ అన్నమాట. ఈ రెండూ ఒక అణువులో కలుసుకుంటే ఆ అణువు ఉత్తేజితమవుతుంది. ఎలక్ట్రాన్ ఖాళీలోకి దిగినప్పుడు మిగులు శక్తి కాంతిగా బయటికి వస్తుంది. 1987లో అమెరికాలోని కోడాక్ కంపెనీ శాస్త్రజ్ఞులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 10 వోల్టుల లోపే వెలిగే ఇలాంటి దీపాన్ని తయారుచేసి చూపించారు.

అయితే అందులో ఒక పెద్ద నష్టం దాగి ఉంది. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే గుణం ఉంది. దాని మూలంగా ఎలక్ట్రాన్ ఒక బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఎలక్ట్రాన్, రంధ్రం కలుసుకున్నప్పుడు వాటి స్పిన్‌లు నాలుగు విధాలుగా కూడవచ్చు. ఒక విధంలో అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇది సింగ్లెట్ స్థితి. మిగిలిన మూడు విధాల్లో రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. ఇది ట్రిప్లెట్ స్థితి. సింగ్లెట్ నుంచి ఎలక్ట్రాన్ సులువుగా కిందికి దిగి వెలుగునిస్తుంది. ట్రిప్లెట్ నుంచి దిగాలంటే స్పిన్ తిరగబడాలి. మామూలు కర్బన అణువులో అది అంత తేలిక కాదు. ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి శక్తి వేడిగా పోతుంది. నాలుగు వంతుల్లో మూడు వంతులు దండగ!

దీన్ని మన ఊళ్ళ మీద పెట్టి చూద్దాం. తెనాలి జంక్షనులో నలుగురు ప్రయాణికులున్నారు. అందరూ బాపట్ల చేరాలి. చేరిన ప్రతి మనిషికీ ఒక దీపం వెలుగుతుంది. ఒకరికి మెయిన్ లైను బండి దొరికింది. తిన్నగా బాపట్ల చేరారు. ముగ్గురు రేపల్లె బండి ఎక్కారు. రేపల్లెతో రైలుపట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి బాపట్లకు రోడ్డే లేదనుకోండి. ఆ ముగ్గురూ ప్లాట్‌ఫారం మీద ఉండిపోవలసిందే గదా!

ఆ రోడ్డు వేసినవి బరువైన లోహ పరమాణువులు. ఇరిడియం కేంద్రకంలో 77, ప్లాటినం కేంద్రకంలో 78 ప్రోటాన్లున్నాయి. అంత ఆవేశం ఉన్న కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్ మహావేగంగా తిరుగుతుంది. ఆ చలనం వల్ల దానికి బలమైన అయస్కాంత ప్రభావం తగులుతుంది. బుల్లి అయస్కాంతం పక్కకు తిరుగుతుంది. స్పిన్ నియమం సడలి, ట్రిప్లెట్ నుంచి కూడా కాంతి వస్తుంది. దీనిని స్ఫురదీప్తి, అంటే ఫాస్ఫొరెసెన్స్ అంటారు. బరువైన లోహం సింగ్లెట్‌ను కూడా ట్రిప్లెట్‌లోకి మళ్ళిస్తుంది. అంటే నలుగురూ రేపల్లె మీదుగానే వెళ్ళి, కొత్త రోడ్డున బాపట్ల చేరతారు.

1987 నాటి దీపంలోనూ లోహం ఉంది గదా అని మీలో కొందరు అడగవచ్చు. అందులో కాంతినిచ్చిన సమ్మేళనంలో అల్యూమినియం ఉన్న మాట నిజమే. కానీ దాని పరమాణు సంఖ్య 13. అంత తేలిక పరమాణువు స్పిన్‌ను తిప్పలేదు. లోహం ఉంటే చాలదు, బరువైనదై ఉండాలి.

1998లో అమెరికా శాస్త్రజ్ఞులు స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందం ప్లాటినం సమ్మేళనంతో ఎర్రని దీపం వెలిగించింది. 1999లో ఇరిడియంతో ఆకుపచ్చ దీపం వచ్చింది. అందులో ఒక ఇరిడియం పరమాణువును మూడు కర్బన అణువులు చుట్టుకుని ఉంటాయి. ఆ అణువులను మారిస్తే దీపం రంగు మారుతుంది. 2001 నాటికి లోపల ఏర్పడ్డ శక్తినంతా దాదాపు కాంతిగా మార్చగలిగారు. అదే వెలుగుకు కరెంటు తక్కువ చాలు. అందువల్ల బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

ఎరుపు, ఆకుపచ్చ లొంగాయి గానీ నీలం మొరాయించింది. నీలి కాంతికి ఎక్కువ శక్తి కావాలి. ఇరిడియం అణువు ఆ శక్తిని సెకనులో పది లక్షలో వంతు సేపు పట్టి ఉంచుతుంది. మనకది రెప్పపాటు కూడా కాదు. అణువుకు మాత్రం చాలా ఎక్కువ. సింగ్లెట్ వెలుగు అంతకన్నా సుమారు వెయ్యి రెట్లు త్వరగా వచ్చేస్తుంది. ఆ కాస్త ఆలస్యంలో పోగుపడిన శక్తి బంధాలను తెంచి అణువునే పాడుచేస్తుంది. అందుకే తయారీదారులు నీలానికి పాత సింగ్లెట్ పద్ధతినే నమ్ముకున్నారు. 2025లో ఎల్‌జీ డిస్‌ప్లే కంపెనీ ఒక ప్రకటన చేసింది. పాత పద్ధతి పొర మీద స్ఫురదీప్తి పొరను పేర్చిన నీలి దీపం భారీ ఉత్పత్తికి తగిన స్థాయికి చేరిందని దాని సారాంశం.

ఇరిడియం భూమి పైపొరలో అత్యంత అరుదైన లోహాల్లో ఒకటి. అది లేకుండా కుదరదా? 2012లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహయా అడాచి బృందం మరో ఉపాయం చూపింది. రేపల్లె వెళ్ళినవారిని చుట్టూ ఉన్న వేడి సాయంతో తిరిగి తెనాలికి తెచ్చి, మెయిన్ లైను బండి ఎక్కించటమే ఆ ఉపాయం! రెండు స్థితుల మధ్య శక్తి తేడా బాగా తక్కువగా ఉంటేనే ఇది సాధ్యం.

ఈ రెండు రకాల వెలుగులనూ మీరే స్వయంగా చూడవచ్చు. హైలైటర్ పెన్ను గీతను, చీకట్లో మెరిసే స్టిక్కరును నీలి ఎల్‌ఈడీ దీపం కింద పెట్టి, దీపం ఆర్పండి. గీత మెరుపు తక్షణం ఆగిపోతుంది. స్టిక్కరు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. స్టిక్కరు శక్తిని దాచుకునే తీరు వేరే అయినా, వెంటనే వచ్చే వెలుగుకూ ఆలస్యంగా వచ్చే వెలుగుకూ ఉన్న తేడా కంటికి తెలుస్తుంది. తెరలో ఆ ఆలస్యాన్ని తగ్గించటమే బరువైన లోహం చేసే పని. నీలం విషయంలో దాన్ని మరికాస్త తగ్గించే అణువు కోసం రసాయన శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.