పక్కింటివాళ్ళు రూల్స్ పాటించకపోతే?

ఈ వారం ఇరుగుపొరుగు గురించి మాట్లాడుకుందాం.

మన ఊళ్ళో పక్కింటాయన మన గోడకి గేదెను కట్టేస్తే నాన్నగారు గోడ మీదుగా ఒక కేక వేసేవారు. వినకపోతే ఊళ్ళో పెద్దమనిషి దగ్గరికి వెళ్ళేవారు. అమెరికాలో ఆ పెద్దమనిషి స్థానంలో హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉంది. దేశం మొత్తం మీద 7 కోట్ల మందికి పైగా ఇలాంటి అసోసియేషన్ల కింద ఉంటున్నారని కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. మనవాళ్ళు కొనే కొత్త సబ్‌డివిజన్లలో చాలావాటికి ఇది ఉంటుంది. డబ్బు కడతాం కాబట్టి, పక్కింటాయన రూల్ తప్పితే అసోసియేషనే చూసుకోవాలి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

మేం డాలస్ దగ్గర ఉంటాం. కొన్నేళ్ళ కిందట మా పక్కింటాయన డ్రైవ్‌వేలో పెద్ద ట్రెయిలర్ తెచ్చి పెట్టాడు. చూస్తుండగానే ఐదు వారాలైంది. కారు వెనక్కి తీస్తుంటే అటునుంచి సైకిళ్ళ మీద వచ్చే పిల్లలు కనపడేవారు కాదు. "ఒకసారి వెళ్ళి అడగండి" అంది మా ఆవిడ. నాకు మొహమాటం. అడగడానికి మొహమాటపడ్డవాణ్ణి, కిటికీలోంచి ఫోటో తీసి అసోసియేషన్‌కి పంపడానికి మాత్రం మొహమాటపడలేదు.

ఆయనకి నోటీసు వచ్చింది. అదే వారం నాకూ ఒకటి వచ్చింది! ట్రెయిలర్ చూడటానికి వచ్చిన మనిషి మా ఇల్లూ చూశాడు. మా చెత్తడబ్బాలు వీధిలోకి కనబడుతున్నాయట. అది న్యాయమే. కానీ ఆ సాయంత్రం పక్కింటాయన మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఫోటో ఏ కిటికీలోంచి తీసిందో ఆయనకి తెలిసిపోయింది. వాళ్ళమ్మగారు పోయారనీ, ఆవిడ ఇల్లు ఖాళీ చేసిన సామాను అందులో ఉందనీ, నాకు ఇబ్బందిగా ఉందని ఒక్క మాట చెబితే వేరేచోట పెట్టేవాణ్ణనీ అన్నాడు. ట్రెయిలర్ పోయింది. ఆయన ఇప్పటికీ ఎదురుపడితే చెయ్యి ఊపుతాడు, ఆగి మాట్లాడడు.

అందుకే ఈ పనికి ఒక వరుస ఉందంటాను. ముందు మనిషి, తర్వాత కాగితం, ఆ తర్వాత అసోసియేషన్, అన్నిటికీ చివర కోర్టు. నేను లాయర్ని కాను, నేర్చుకున్నది చెబుతున్నాను.

మొదటిది మనిషి. పగటిపూట, ఆయన బయట కనపడ్డప్పుడు మాట్లాడండి. "మీరు రూల్ తప్పారు" అనకండి, మీ ఇబ్బంది చెప్పండి. "కారు తీస్తుంటే పిల్లలు కనపడటం లేదు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అయితే, ఆ మనిషి బెదిరించే రకమైతే మీరు వెళ్ళవద్దు. ప్రమాదం ఉంటే 911, అర్ధరాత్రి పాటల హోరైతే పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరు. సిటీకి చెందిన వీధిలో ఆపిన కార్లు, మొరిగే కుక్కలు, ఇవి చాలాచోట్ల సిటీ చూసే విషయాలు.

రెండోది కాగితం. ఇల్లు కొన్నప్పుడు సంతకాల కట్టలో ఇచ్చిన కవెనెంట్స్ మనలో ఎంతమంది చదివాం? అవి కౌంటీ ఆఫీసులో రిజిస్టరైన షరతులు. ఇల్లు చేతులు మారినా ఇంటితోపాటే ఉంటాయి. "అంత చిన్న విషయానికి ఎవరేమంటారు" అనుకోవద్దు. కాలిఫోర్నియాలో ఒకావిడ కాండోలో మూడు పిల్లుల్ని పెంచుకుంది. ఇల్లు దాటి బయటికి రావు, ఎవరికీ ఇబ్బంది లేదు అంది. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అసోసియేషన్ వైపే తీర్పు ఇచ్చింది. ముందే రిజిస్టరైన షరతు సహేతుకమైనదనే అనుకోవాలి, కాదని నిరూపించే భారం ఇంటి యజమానిదే అంది. తర్వాత ఆ రాష్ట్రంలో కనీసం ఒక పెంపుడు జంతువుకి హక్కు ఇస్తూ చట్టం వచ్చింది.

కాగితం చదివితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మనకి తప్పుగా కనబడింది నిజానికి తప్పు కాకపోవచ్చు. పక్కింటాయన ముందే అనుమతి తీసుకుని ఉండొచ్చు. అంగవైకల్యం ఉన్నవాళ్ళకి తోడుగా ఉండే జంతువుల విషయంలో, ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం సహేతుకమైన మినహాయింపు ఇవ్వాలి. ఆ కారణం మనకి చెప్పనక్కరలేదు.

మూడోది అసోసియేషన్. రాతపూర్వకంగా రాయండి. ఏ రూలు, ఏ తేదీల్లో, ఏం జరిగింది, అంతే. ఆ కుటుంబం ఎలాంటిదో, ఇంటికి ఎవరొచ్చి పోతున్నారో రాయకండి. మీ ఉత్తరం రేపు జడ్జి ముందు చదివినా సిగ్గుపడనక్కరలేకుండా ఉండాలి.

రాయగానే జరిమానా పడాలని ఆశించకండి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ ప్రకారం, సాధారణంగా ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు ఇవ్వాలి, సరిదిద్దుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. నోటీసు పంపిన 30 రోజుల్లోగా అడిగితే బోర్డు ముందు హియరింగ్ ఇవ్వాలి. కాలిఫోర్నియాలో 2025 జూలై నుంచి, ఆరోగ్యానికో భద్రతకో హాని చేసేవి తప్ప, జరిమానా ఒక ఉల్లంఘనకి 100 డాలర్లు మించకూడదు. పక్కింటాయన విషయంలో ఇదంతా ఆలస్యం అనిపిస్తుంది. అదే నోటీసు మనకొచ్చినప్పుడు మాత్రం ఇదే మనకి రక్ష.

అసోసియేషన్ పట్టించుకోకపోతే బోర్డు మీటింగుకి వెళ్ళి అడగండి. కాలిఫోర్నియాలో సభ్యుడు రాతపూర్వకంగా అడిగితే అసోసియేషన్ కూర్చుని మాట్లాడాలి, దానికి ఫీజు లేదు. ఏళ్ళ తరబడి ఒక రూలుని వదిలేసి, హఠాత్తుగా ఒక్కరి మీదే ప్రయోగిస్తే కోర్టులో అది నిలవడం కష్టం కావచ్చు.

చికాగోలో ఒక కాండో బిల్డింగు కథ వినండి. 2001లో తలుపుల బయట వస్తువులు ఉండకూడదని రూల్ పెట్టారు. యూదులు గుమ్మానికి పెట్టుకునే మెజూజాల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. 2004 నుంచి అవీ తీసేయడం మొదలుపెట్టారు. ఒక కుటుంబం కోర్టుకి వెళ్ళింది. తమాషా ఏమిటంటే, ఆ రూల్ తయారుచేసిన కమిటీకి అధ్యక్షురాలు ఆ ఇంటి ఇల్లాలే! 2009లో ఫెడరల్ అప్పీల్సు కోర్టు, ఇది కావాలని చూపిన వివక్షో కాదో విచారణ జరగాల్సిందే అంది. మన గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టుకునేవాళ్ళం, ఇది మన కథ కూడా. టెక్సస్‌లో గుమ్మం మీది మతపరమైన గుర్తులకి 2011లో చట్టరక్షణ వచ్చింది, 2021లో దాన్ని విస్తరించారు. పక్కింటి మీద రూల్ పెట్టేటప్పుడు అది రేపు మన గుమ్మం దాకా వస్తుందని గుర్తుంచుకోవాలి.

మరో మాట. అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తే తప్పకుండా విప్పండి. 2008లో మన ఫ్రిస్కోలోనే, ఇరాక్‌లో డ్యూటీలో ఉన్న ఒక ఆర్మీ కెప్టెన్ ఇల్లు వేలం వేశారు. బాకీ సుమారు 800 డాలర్ల అసోసియేషన్ ఫీజు. 3 లక్షల డాలర్ల ఇల్లు 3,500కి పోయింది. ఇంట్లో ఆ ఉత్తరాలు విప్పనేలేదు. కోర్టుకి వెళ్ళాక 2010లో రాజీ కుదిరి ఇల్లు తిరిగొచ్చింది. టెక్సస్ చట్టం ప్రకారం, కేవలం జరిమానాల బాకీ మీద ఇల్లు వేలం వేయకూడదు. ఫీజుల బాకీ సంగతి వేరు. అందుకని గొడవ ఉన్నా ఫీజు మాత్రం ఆపకండి.

చివరిది కోర్టు. చాలాచోట్ల ఇంటి యజమాని తనే పక్కింటివాళ్ళ మీద దావా వేయొచ్చు. కానీ ముందు మీడియేషన్ ప్రయత్నించండి. దావా గెలిచినా ఓడినా మర్నాడు చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు ఎదురయ్యేది ఆయనే కదా.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ముందురోజే వీధిలో నాలుగిళ్ళకీ వెళ్ళి, రేపు కార్లు ఎక్కువ ఉంటాయని చెప్పి నా ఫోన్ నంబరు ఇచ్చొచ్చాను. ట్రెయిలర్ ఆయన తలుపు తీసి విన్నాడు. "సరే, చెప్పినందుకు థాంక్స్" అన్నాడు. మా మధ్య ఇన్నేళ్ళలో అదే పెద్ద సంభాషణ.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.