వెల్లగోడల మీద వెలుగు

1566లో నెదర్లాండ్స్‌లో చర్చిల మీద దాడులు జరిగాయి. విగ్రహారాధన కూడదన్న ప్రొటెస్టంట్లు ప్రతిమలు పగలగొట్టారు, పటాలు దించేశారు. తర్వాత చర్చిలు ఒక్కొక్కటే వాళ్ల చేతికి వచ్చాక గోడలకు వెల్ల వేశారు. చాలాచోట్ల రంగుటద్దాల బదులు మామూలు అద్దాలే మిగిలాయి. బొమ్మలే ఉండకూడదన్న ఆ చర్చిలే తర్వాత డచ్చి చిత్రకారులకు ఎంతో ఇష్టమైన బొమ్మలయ్యాయి. అడ్డేమీ లేని పెద్ద కిటికీల్లోంచి వెలుగు నేరుగా తెల్లగోడల మీద పడడం అందుకు ఒక కారణం.

ఆ వెలుగును అందరికంటే ఓపికగా చూసినవాడు పీటర్ సాన్‌రెడామ్ (1597–1665). చర్చిలోనే కూర్చుని కలంతో గీసి, పలచగా నీటిరంగు పూసి, చాలా బొమ్మల మీద తారీఖు కూడా రాసుకునేవాడు. ఆ బొమ్మలకు కొలతలు జోడించి, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత, తైలవర్ణ చిత్రాలు వేసేవాడు. 1636లో ఉట్రెక్ట్ నగరంలో నెలల తరబడి ఉండి అక్కడి చర్చిలను గీశాడు. వాటిలో మేరీ చర్చిని 19వ శతాబ్దంలో కూల్చేశారు. లోపల అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈనాటికీ ఆయన బొమ్మలే చూడాలి.

సాన్‌రెడామ్ వెలుగును కొలిస్తే, రెండు శతాబ్దాల తర్వాత వచ్చిన యోహన్నెస్ బోస్‌బోమ్ (1817–1891) దాన్ని పీల్చుకున్నాడు. హేగ్ నగరంలో పుట్టిన ఈ చిత్రకారుడు ఎక్కువగా చర్చిల లోపలి భాగాలనే గీశాడు. తైలవర్ణాల్లో పేరు తెచ్చుకున్నా, ఆయన అసలు ప్రతిభ నీటిరంగుల్లోనే కనిపిస్తుంది.

ఎందుకంటే నీటిరంగుల్లో వెలుగు వేసేది కాదు, మిగిల్చేది. తైలవర్ణమైతే చీకటి మీద చివర్లో తెలుపు అద్దవచ్చు. ఇక్కడ కాగితపు తెలుపే ఎండ. కిటికీలోంచి పడిన ఎండ ఏ స్తంభాన్ని తాకుతుందో కుంచె తడపకముందే తేల్చుకుని, ఆ మేరకు కాగితాన్ని వదిలేయాలి. చుట్టూ గోధుమ, బూడిద రంగులను పొర మీద పొరగా పూస్తూ పోతే వదిలిన చోటు దానంతటదే వెలుగుతుంది. తడి ఆరకముందే మరో రంగు తాకిస్తే అంచులు కరిగిపోతాయి. బోస్‌బోమ్ చిత్రాల్లో దూరపు స్తంభాలు అలాగే పలచబడి, కమానుల కింద గాలిలో కలిసిపోతాయి. సముద్రం పక్కనున్న నెదర్లాండ్స్ తేమగాలి చర్చిలోకి కూడా వచ్చినట్టుంటుంది.

ఆయన చర్చిల్లో మనుషులు చిన్నగా ఉంటారు, తరచుగా 17వ శతాబ్దపు దుస్తుల్లో. ఆ వేషాలు కాస్త నాటకీయమే. అయినా వాళ్లు లేకపోతే ఆ స్తంభాలు ఎంత ఎత్తో మనకు అందదు. ఆయన తొలి తైలవర్ణాల్లో ఒక్కో ముఖం, ఒక్కో మడత కనిపించేవి. చివరి దశ నీటిరంగుల్లో మనిషంటే రెండు మూడు మచ్చలే, అయినా మనిషేనని తెలిసిపోతుంది. ఆయనలో గొప్పతనం అక్కడే ఉంది. యువకుడైన విన్సెంట్ వాన్‌గో కూడా బోస్‌బోమ్‌ను ఎంతో గౌరవించాడు. 1882లో హేగ్‌లో తన బొమ్మలు చూపించి ఆయన సలహాలు తీసుకున్నాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన సేకరణను వెబ్‌సైట్‌లో ఉచితంగా చూపిస్తోంది. బోస్‌బోమ్ నీటిరంగు చిత్రం ఒకటి తెరిచి, పెద్దది చేసి, కుంచె తాకని చోటు ఎక్కడుందో వెతకండి.