కాలవగట్టు రైడరు, కొండ మలుపు

పెదపారుపూడిలో ఎత్తు అంటే కాలవ వంతెనే. గుడివాడ వెళ్లినా పామర్రు వెళ్లినా ఆ నాలుగు గజాలు ఎక్కి దిగడానికి గేరు మార్చే పని కూడా ఉండదు. అలాంటి చోట ముప్పై ఏళ్లు బండి నడిపినవాడికి, గైడు వెంట ఉండి కొండదారుల్లో రైడింగ్ నేర్పే యాత్రలున్నాయని చెబితే నవ్వుతాడు. "బండి నడపడం నేర్చుకోడానికి డబ్బులిచ్చి కొండకి పోవాలా?" నేనూ నవ్వాను, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగేదాకా.

ముందుగా మనలో బాగా పాతుకుపోయిన అపోహ: దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు కలిసొస్తుందని. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే చక్రమే ఇంజన్ని తిప్పుతుంది, చాలా బళ్లలో పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆరిపోకుండా కాస్త కాస్త తాగుతూనే ఉంటుంది. అంటే కలిసొచ్చేదేమీ లేదు. పైగా బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ రోజు ఘాట్‌లో నేను అలాగే దిగుతుంటే నాలుగో మలుపుకే కాలిన వాసన మొదలైంది. ఎవరో టైర్లు తగలబెడుతున్నారనుకున్నాను. ఇంకో రెండు మలుపులకి వెనక పెడలు ఎంత తొక్కినా బండి ఆగనంటోంది. గైడు పక్కకి ఆపించి, డ్రమ్ము దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడమన్నాడు, తాకొద్దన్నాడు. పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. డిస్కు బ్రేకైతే ఇంకో తంటా: లోపలి ఆయిలు మరిగి బుడగలు కట్టిందా, లివరు హ్యాండిలుకి అంటుకుపోతుంది. లారీ డ్రైవర్లకి ఇదంతా ఎప్పుడో తెలుసు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమంటారు.

ముందు బ్రేకు పడితే బోర్లాపడతామన్న భయం కూడా మనదే. దీన్ని పూర్తిగా తీసిపారేయను. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన రోజుల్లో, హ్యాండిలు తిప్పి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు పడే తీరతాడు. కానీ బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి జరుగుతుంది. దిగుడులో ఇంకా ఎక్కువ. అందుకే బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, మెల్లగా బిగిస్తూ పట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అయితే మామూలు ఏబీఎస్, ఒరిగి ఉన్న బండిని జారకుండా కాపాడుతుందని నమ్ముకోకూడదు.

"ముందు గైడున్నాడుగా, వెనకే పోతే సరి." ఇది అన్నిటికన్నా ప్రమాదం. అతని వేగం అతనిది. పైగా ముందు బండి వెనక లైటునే చూస్తుంటే, ఆ బండి తప్పు చేస్తే మనమూ చేస్తాం. చూపు ఎటుంటే బండి అటే పోతుంది. పిట్టగోడ వంక చూశామా, పిట్టగోడకే. తిన్నటి రోడ్డు మీద గేదె అడ్డొస్తుందేమోనని ముందు చక్రానికి పది గజాల్లో చూడటం మనకి అలవాటు. మలుపు తిరిగి రోడ్డు బయటపడే చోటుకి మెడ తిప్పి చూడటం నాకు అలవాటయ్యేసరికి సాయంత్రమైంది.

దిగేవాడికే దారివ్వాలనుకోవడమూ తప్పే. ఇరుకు కొండదారిలో ఎక్కే బండికే ముందు దారివ్వాలన్నది రహదారి నిబంధన. అనంతగిరి ఘాట్‌లో లోడు లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో అరకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు.

పెద్ద బండి ఉండాలా? మన ఘాట్లకి అక్కర్లేదు, మంచి టైర్లు చాలు. లద్దాఖ్‌లోనైతే ఏ బండికైనా నీరసమే. అక్కడి ఖార్దుంగ్ లా కనుమ దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. అన్నట్టు, అక్కడ ఫొటోలు దిగే బోర్డు మీద చాలాకాలం కనిపించిన 18,380 అడుగులే ఓ అపోహ. అసలు ఎత్తు సుమారు 17,580.

తిరిగొచ్చాక ఊళ్లో వంతెన మీంచి రెండో గేరులో దిగుతుంటే, గట్టు మీద కూర్చున్న పెద్దాయన కేకేశాడు: "ఏమయ్యా, గేరు పట్టేసిందా?"