మారుచున్న శీతోష్ణస్థితి - శిలీంధ్ర వ్యాధులు

వర్షాకాలమున తడిసిన గోడలపైనను, తోలు చెప్పులపైనను, నిలువయున్న రొట్టెపైనను బూజు పట్టుట మనకందరకును తెలిసిన విషయమే. బూజును, పుట్టగొడుగును ఒకే జాతికి చెందినవి. ఈ జాతిని శాస్త్రజ్ఞులు శిలీంధ్రములందురు. పైరులకు వచ్చు తెగుళ్ళలో అధికభాగము వీని వలన కలుగునవే. ఇవి మనుష్యులను కూడ పీడించును. శీతోష్ణస్థితి మారుచున్న కొలదియు ఈ పీడ హెచ్చుటకు అవకాశము కలుగుచున్నది. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

మానవ శరీరపు సహజమైన వేడి 37 డిగ్రీలు. శిలీంధ్రములలో పెక్కింటికి 12 మొదలు 30 డిగ్రీల వరకు గల వేడి అనుకూలము; అంతకు మించిన వేడిలో అవి వృద్ధిపొందజాలవు. లక్షలాది శిలీంధ్ర జాతులున్నను మనకు రోగము కలిగించునవి కొన్ని వందలే యగుటకు ఇది యొక ముఖ్య కారణము. అనగా మన ఒంటి వేడియే మనకు కోటగోడ. అయితే భూగోళపు సగటు వేడి 1850-1900 నాటికంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినది. ఎండవేడికి అలవాటుపడిన శిలీంధ్రమునకు ఒంటి వేడిని సహించుటయు సులభమగును. 2009లో జపాను దేశమున ఒక రోగి చెవి నుండి కాండిడా ఆరిస్ అను కొత్త శిలీంధ్రమును గుర్తించిరి. స్వల్పకాలములోనే అది భారతదేశమునను, దక్షిణాఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను వేర్వేరుగా బయల్పడినది. భూమి వేడెక్కుటయే ఇందుకొక కారణము కావచ్చునని 2019లో కొందరు శాస్త్రజ్ఞులు అభిప్రాయపడిరి. ప్రమాదకరములైన 19 శిలీంధ్రముల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది.

వేడితో పాటు వాన తీరును మారుచున్నది. వెచ్చని గాలి ఎక్కువ తేమను మోయగలదు. అందుచే కొద్ది గంటలలోనే కుండపోతగా కురియు వానలు హెచ్చును. 2020 అక్టోబరులో హైదరాబాదు పరిసరములను ముంచిన వాన మనకు జ్ఞాపకమున్నదే. నీరు నిలిచిన ఇండ్లలో గోడలు చెమ్మగిల్లును. బూజు రేణువులు గాలిలో కలియును. ఉబ్బసము గలవారికి ఇవి హాని చేయును.

జన్వాడ, మొయినాబాదు, చేవెళ్ళ పరిసరములలో కూరగాయల తోటలు, పూలతోటలు, మొక్కజొన్న, ప్రత్తి చేలు కలవు. ఇక్కడి రైతులకు, కూలీలకు ముఖ్యముగా భయపడదగినది కంటి శిలీంధ్ర వ్యాధి. ఆకు అంచు గీచుకొన్నను, ధాన్యపు నలుసు పడినను నల్లగుడ్డుపై చిన్న గాయమగును. ఆ గాయము గుండా శిలీంధ్రము లోనికి చొచ్చి పుండుగా మారును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదేండ్ల కాలమున చూచిన 1,352 మంది ఇట్టి రోగుల వివరములు 2002లో ప్రకటింపబడినవి. వారిలో పురుషులు 962 మంది. వ్యాధి సోకిన 1,354 కన్నులలో 736 కన్నులకు గాయమే మూలము. వేసవిలో కంటె వానాకాలము, శీతకాలములలో ఈ వ్యాధి అధికముగా కనబడినది. రోగులలో ఎక్కువమంది 16 మొదలు 49 ఏండ్ల లోపువారు. అనగా కుటుంబమును పోషించు వయస్సువారు. పుండు మానినను తెల్లని పువ్వు మిగిలి చూపు పోవచ్చును. ఆకు పసరు పోయుట, అంగడిలో అడిగి తెచ్చిన స్టెరాయిడు చుక్కలు వేయుట ఈ వ్యాధిని మరింత ముదిరించును. పుండు నుండి కొంచెము గీకి సూక్ష్మదర్శినితో చూచినచో రోగకారణము చాలవరకు అప్పుడే తేలిపోవును. మెహదీపట్నములోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి మన ప్రాంతమునకు దగ్గరలోనే కలదు.

రెండవది తామర. చెమట, తడిబట్టలు, గాలి ఆడని దుస్తులు దీనికి ఆస్కారము. ఇటీవలి సంవత్సరములలో మన దేశమున మందులకు లొంగని తామర వ్యాపించినది. దానిని కలిగించు శిలీంధ్రమునకు 2020లో ప్రత్యేకముగా పేరు పెట్టిరి. స్టెరాయిడు కలిసిన లేపనములు దురదను తాత్కాలికముగా అణచును గాని వ్యాధిని పెంచును.

మూడవది 2021లో భయము గొల్పిన నల్ల శిలీంధ్ర వ్యాధి. ఆ సంవత్సరము మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దీనిని విధిగా తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠిలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని చికిత్సకు ప్రధాన కేంద్రముగా ఏర్పరచినది. అదుపులో లేని చక్కెర వ్యాధి, కోవిడు, మితిమీరిన స్టెరాయిడు వాడుక ఆ విపత్తునకు ముఖ్య హేతువులు. దేహబలము సన్నగిల్లినచో గాలిలోని సామాన్యమైన బూజు సైతము ప్రాణాంతకమగునని అది మనకు తెలిపినది.

భూగోళపు వేడిని ఒక పంచాయతీ తగ్గింపజాలదు. కాని తన గ్రామమున ఒక కన్ను పోకుండ కాపాడగలదు. మురుగు కాలువలను వానలకు ముందే శుభ్రపరచుట, నీరు నిలుచు పల్లములను పూడ్చుట పంచాయతీ విధులు. పొలమున మందు చల్లునపుడు, కోతలు కోయునపుడు, నూర్పిళ్ళలోను కంటి అద్దములు ధరింపవలెనని గ్రామసభలో తెలుపవలెను. కంటిలో నలుసు పడినచో శుభ్రమైన నీటితో కడిగి, ఎరుపుగాని నొప్పిగాని తగ్గనిచో మరునాడే ఆసుపత్రికి పంపవలెను. చక్కెర వ్యాధి గలవారు క్రమముగా పరీక్ష చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తల తోడ్పాటుతో చూడవలెను. వారము రోజుల ఆలస్యము ఒక రైతు చూపునకు ముప్పు కాగలదు. సకాలమున చెప్పిన ఒక్క మాట దానిని నిలుపగలదు.