విడాకుల లాయరును అడగాల్సిన మొదటి ప్రశ్న

ఇండియాలో పెళ్లి, అమెరికాలో కాపురం, ఇక్కడి కోర్టులోనే విడాకులు. మన కుటుంబాల్లో ఈ వరుస కొత్తది కాదు. దీనిపై భారత సుప్రీంకోర్టు 1991లోనే ఒక తీర్పు చెప్పింది, అదీ ఒక తెలుగు దంపతుల కేసులో. వారి పెళ్లి 1975లో తిరుపతిలో జరిగింది. భర్త మిస్సోరీలో 90 రోజుల నివాసం చూపించి, కాపురం ఇక నిలబడదన్న కారణంతో అక్కడి కోర్టులో విడాకులు తీసుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టింది. ఆ అమెరికా డిక్రీ ఇండియాలో చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కారణంతో విడాకులివ్వడానికి హిందూ వివాహ చట్టంలో వీలు లేదు. పైగా భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు.

అందుకే లాయరును కలిసినప్పుడు ఫీజు కన్నా, ఆస్తి కన్నా ముందు అడగాల్సింది ఇది: ‘ఈ డిక్రీ నాకు ఇండియాలో కూడా పనికొస్తుందా?’ ఇక్కడి అటార్నీకి తన రాష్ట్రపు చట్టం తెలుస్తుంది, మన చట్టం తెలియాలని లేదు. ఇండియాలో ఆస్తి ఉన్నా, అక్కడ మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్నా, అక్కడి లాయరుతో కూడా ఒకసారి మాట్లాడితేనే మేలు. ఒక గంట సంప్రదింపుల ఖర్చు చూసుకుని దీన్ని వాయిదా వేయకండి.

ఇద్దరికీ ఇష్టమైతే దారి సుళువే. రెండోవారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న విదేశీ డిక్రీని గుర్తించవచ్చని ఆ 1991 తీర్పే చెప్పింది. కనుక ఆ ఒప్పుకోలు కాగితాల్లో స్పష్టంగా కనిపించాలి. లేదంటే ఇండియాలోనే పరస్పర అంగీకారంతో విడాకుల పిటిషన్ వేయవచ్చు. ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ కోర్టును కోరాలి. తగిన కేసుల్లో ఈ ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి జరిగిన ఊరి కోర్టులో కూడా వేయవచ్చు గనుక గుంటూరులోనో వరంగల్‌లోనో పెళ్లయినవారు అక్కడికే వెళ్లవచ్చు.

ఒకరికి ఇష్టం లేనప్పుడే చిక్కంతా. ‘కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉండిరా’ అని భార్యను ఇండియా పంపి, ఆమె వెనకే ఇక్కడ కేసు వేసినవాళ్లున్నారు. ఇది అన్యాయం, సంఘాల్లో మనం మెత్తగా మాట్లాడి దాటేయకూడని అన్యాయం. అలా సమన్లు అందుకున్న అమ్మాయి చేయకూడనివి రెండు. ఒకటి, కాగితాన్ని పక్కన పడేయడం: ఆమె లేకుండానే ఆస్తి మీద, పిల్లల మీద ఇక్కడి కోర్టు ఉత్తర్వులివ్వవచ్చు. రెండోది, ఎవరినీ అడగకుండా తానే జవాబు రాసి పంపడం: ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్లు అర్థం రావచ్చు. గడువు లోపలే రెండు దేశాల లాయర్లనూ అడగాలి.

భర్త లేదా భార్య ఉద్యోగ వీసా ఆధారంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారికి మరో భయం. డిక్రీ ఖరారైతే ఆ వీసాకు ఆధారమే పోతుంది. కనుక కేసు వేయకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. పెళ్లి ద్వారా రెండేళ్ల షరతులతో గ్రీన్ కార్డు వచ్చినవారు మాత్రం, పెళ్లి నిజాయితీగానే చేసుకున్నామని రుజువు చేసుకుంటే, విడాకుల తర్వాత ఒంటరిగానైనా షరతుల తొలగింపు కోరవచ్చు.

పిల్లల విషయంలో తొందరపడకండి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, కేసుకు ముందు ఆరు నెలలు బిడ్డ ఏ రాష్ట్రంలో పెరిగితే కస్టడీ నిర్ణయం మొదట ఆ రాష్ట్రపు కోర్టుదే. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు. అందువల్ల అమ్మమ్మగారింటికని తీసుకెళ్లి ఉండిపోవడం, భార్యకైనా భర్తకైనా, పెద్ద కేసుకు దారితీస్తుంది.

ఆస్తి లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో కాపురంలో సంపాదించినది సాధారణంగా సగం సగం. న్యూయార్క్‌లో న్యాయమైన పంపకం, అంటే సమానంగానే ఉండాలని లేదు. ఇక్కడి జీతంతో హైదరాబాద్‌లో కొన్న ప్లాటును దాచవద్దు.

లాయరును వెతకడానికి రాష్ట్ర బార్ అసోసియేషన్ నుంచి మొదలుపెట్టండి. లైసెన్సు ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్న వివరాలు సాధారణంగా అందరికీ అందుబాటులో ఉంటాయి. ముందుగా కట్టే రిటైనర్ ఎంత, గంటకు ఎంత, మిగిలింది తిరిగిస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి. విడాకులు ఇప్పిస్తే ఇంత, భరణంలో ఇంత వాటా అనే ఫీజు ఇక్కడి వృత్తి నియమాలు ఒప్పుకోవు. ‘మీ ఇద్దరికీ నేనే చూస్తాను’ అనే లాయరు వద్దు. ఇండియాలో అడ్వొకేట్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి పదిహేను రోజుల్లో విడాకులంటూ ప్రచారం చేసుకునేవారిని నమ్మకండి.

ఇంట్లో హింస ఉంటే లాయరు కోసం ఆగకండి. న్యూజెర్సీలో 1985 నుంచి పనిచేస్తున్న మానవి, హ్యూస్టన్‌లోని దయా, కాలిఫోర్నియా బే ఏరియాలోని మైత్రి దక్షిణాసియా కుటుంబాల పరిస్థితి ఎరిగిన సంస్థలు. ముందు అక్కడికి ఫోన్ చేయండి; లాయరును ఎలా వెతకాలో కూడా వారినే అడగవచ్చు.